ఆజ్ఞల వరుస

అనంతపురం కమలానగర్‌లోని మా ఇంట్లో రాత్రి పదింటి తర్వాత నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే, తాడిపత్రి నుంచి వచ్చిన మా చిన్నాన్న కొడుకు పక్కన చేరి, ఆట మొదలయ్యేలోపే విసుగుపడిపోతాడు. తెర మీద యుద్ధం ఉండదు. వరుసలుగా షరతులూ, వాటి ఎదురుగా చేయవలసిన పనులూ ఉంటాయి. "ఏందన్నా, ఇది ఆటనా, లెక్కల పుస్తకమా?" అని అడుగుతాడు. నాకు ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ అనే కంప్యూటర్ ఆటలో మన బృందం నలుగురు. మనం ఒక్కరిని నడుపుతుంటే మిగిలిన ముగ్గురూ మనం ముందుగా రాసిచ్చిన ఆజ్ఞల ప్రకారం నడుచుకుంటారు. ప్రతి సహచరుడూ తన పట్టికను పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చి, ఏ షరతు ముందుగా నిజమైతే దాని పని చేస్తాడు. అంటే పై వరుసలో ఉన్న ఆజ్ఞ తరచుగా నిజమవుతూ ఉంటే, కింద ఎంత తెలివైన ఆజ్ఞ రాసినా దాని వంతు రాదు.

నేను మొదట చేసిన తప్పు ఇదే. వైద్యం చేసే విన్ అనే మాంత్రికురాలికి "సహచరుల్లో ఎవరి హెల్త్ అయినా 75 శాతానికి తగ్గితే హీల్ మంత్రం వేయి" అని మొదటి వరుసలోనే రాశాను. ఆమె చిన్న గీతలు పడ్డవాళ్ల మీద కూడా మంత్రం వేసుకుంటూ పోయింది. ముందు నిలబడి దెబ్బలు కాచుకుంటున్న అలిస్టర్ నిజంగా కూలిపోయే సమయానికి ఆమె మానా, అంటే మంత్రాలు వేయడానికి కావలసిన శక్తి, అయిపోయింది. ఆజ్ఞను ఆమె అక్షరాలా పాటించింది కాబట్టి తప్పు పూర్తిగా నాదే. తర్వాత 25 శాతానికి తగ్గినవారిని మొదటి వరుసలో, తన మానా తగ్గితే దాన్ని మళ్లీ నింపే లిరియం పోషన్ అనే మందు తాగడాన్ని రెండో వరుసలో, 50 శాతానికి తగ్గినవారిని మూడో వరుసలో పెట్టాను. మంత్రం అదే అయినా, అందరికన్నా బాగా దెబ్బతిన్నవాడికి ముందు అందేలా చేసింది ఆ వరుసే.

మా నాన్న ఊరికి వెళ్లేముందు తోటలో జీతగానికి చెప్పే మాటలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి: "కరెంటు ఎంతసేపుంటుందో తెలీదు, ముందు చీనీ చెట్లకు వదులు, మిగిలితే శనక్కాయకు." శనక్కాయ పైరు ఎండితే ఒక పంట పోతుంది, చీనీ చెట్టు ఎండితే ఏళ్ల కష్టం పోతుంది కనుక ఆయన వరుస అలా ఉండేది.

2006 నాటి ఫైనల్ ఫాంటసీ పన్నెండులో ఇదే పద్ధతిని గాంబిట్లు అంటారు. ఒక్కొక్కరికి పన్నెండు వరుసల దాకా తెరుచుకుంటాయి, షరతులను అంగడిలో డబ్బిచ్చి కొనుక్కోవాలి. చచ్చి లేచి తిరిగే శత్రువులు హీల్ మంత్రానికి గాయపడతారు కనుక వాళ్ల మీద దాన్నే ఆయుధంగా వాడమని రాసుకోవచ్చు. అటువంటి చిన్న ఉపాయాలు దొరికినప్పుడు కలిగే ఆనందం వేరు. 2024లో వచ్చిన యూనికార్న్ ఓవర్‌లార్డ్ ఇంకా కఠినమైనది: ఒక్కో నైపుణ్యానికి రెండేసి షరతులు పెట్టి పంపిస్తాము, పోరు మొదలయ్యాక మన చేతిలో ఏమీ ఉండదు.

అన్నీ రాసిపెట్టేస్తే ఆట తనంతట తానే సాగిపోతుందని, ఆడేవాడికి పనేముందని కొందరు అంటారు. ఆ మాట సగమే నిజం. నా మాంత్రికురాలికి "ముగ్గురు శత్రువులు ఒకచోట ఉంటే ఫైర్‌బాల్ వేయి" అని రాసినప్పుడు, నడుమ మనవాడు ఉంటే ఏం చేయాలన్నది నేను రాయలేదు. కష్టమైన స్థాయిలో ఆ మంటలు మనవాళ్లనూ కాలుస్తాయి. అలిస్టర్ ఆ ముగ్గురి మధ్యలోనే ఉన్నాడు. ఇప్పుడు వైద్యం, పోషన్లు, ఎవరిని ముందు కొట్టాలన్నది వాళ్లకు వదిలి, ఫైర్‌బాల్‌ను మాత్రం పట్టికలోనుంచి తీసేశాను. దాన్ని ఆట ఆపి, నేల మీద గుండ్రటి గుర్తును మనవాళ్ల మీద పడకుండా జరుపుకుని, నేనే వేస్తాను. మా తమ్ముడు లేచి కూర్చుని తెర వంక చూసేది ఆ ఒక్క క్షణమే.