నాయన సైకిలుకు రెండు గేర్లు

మా నాయన సైకిలు హ్యాండిల్‌కు కుడిపక్కన గేరు మార్చే చిన్న మీట ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మీటకు బైండింగు తీగ మూడు చుట్లు చుట్టి, కొసలు మెలేసి ఉండేది. ఎందుకు కట్టినావని నేను అడిగింది మాత్రం మొన్నటి ఎండాకాలం సెలవుల్లోనే.

నాయన కడప దగ్గరి చెన్నూరులో పోస్ట్‌మాన్‌గా చేసి 2010లో రిటైరయ్యాడు. ఇది ర్యాలీ సైకిలు, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు. ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ వాళ్లు తయారుచేసింది. 1974లో ఊరు వదిలి వెళ్తున్న ఒక రైల్వే ఉద్యోగి దగ్గర కొన్నాడు. మామూలు ర్యాలీకి లేనిది దీనికి ఒకటుంది. వెనక చక్రం నడుమ ఇరుసు చుట్టూ ఉండే హబ్బులోనే మూడు గేర్లు. హబ్బు మీది తుప్పు గీకితే స్టర్మీ ఆర్చర్ అని కంపెనీ పేరు, ఏడబ్ల్యూ అని రకం పేరు, దాని పక్కన 62, 3 అంకెలు కనిపించాయి. అంటే 1962 మార్చిలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైంది. 1936లో మొదలుపెట్టిన రకం అది, ఆ కంపెనీ 2000లో తైవాన్ వాళ్ల చేతికి పోయింది.

రిటైరైనాక సైకిలు కొట్టంలో దూలానికి వేలాడుతూ ఉండిపోయింది. ఇప్పుడు నాయనకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. బరువు పడకుండా మెల్లగా సైకిలు తొక్కితే మంచిదే అన్నాడు డాక్టరు. చేను ఇంటికి మూడు కిలోమీటర్లు, మధ్యలో ఒక మిట్ట. కొత్త సైకిలు కొందామంటే ఒప్పుకోలేదు. "అది ఉండాదిగా" అన్నాడు, కొట్టం వైపు చూసి. అప్పుడు అడిగాను తీగ సంగతి.

1986లో అదే మిట్ట మీద, క్యారియర్ మీద ఉత్తరాల సంచితో, నిలబడి తొక్కుతుంటే పెడల్ ఉన్నట్టుండి గాలిలోకి పోయినట్టు కిందికి దిగిపోయిందట. ముందున్న బారు మీద పడి, అక్కణ్నుంచి రోడ్డు మీదికి. మోకాలు చీలింది, ఉత్తరాలు చెల్లాచెదురయ్యాయి. "నాకు దెబ్బ తగిలిందని కాదు పాపా, ఎవురి జాబు ఏ కంపల్లో పడిందో అని వెతుక్కుంటా కూచున్యా" అన్నాడు. ఇంటికొచ్చిన రోజే మీటను రెండో గేరులో పెట్టి తీగ కట్టేశాడు. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు ఒకే గేరులో, అదే మిట్ట ఎక్కాడు. నేను లెక్కల టీచరును. ఈ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గేరు ఉండీ వాడుకోలేక ఆ మోకాళ్లు అన్నేళ్లు మోసిన బరువు మీదే నా ధ్యాసంతా.

విప్పే పని మా వరండాలో, కడప బండల మీద మొదలైంది. హబ్బు కుడివైపున గోళీలుండే కప్పును సుత్తి, ఉలితో కొట్టి తిప్పాలి. తిప్పేముందు అది చక్రం పుల్లల్లో (స్పోకుల్లో) ఏ పుల్ల దగ్గర ఉందో గుర్తు పెట్టుకోవాలి. మళ్లీ అక్కడే బిగిస్తే చక్రం బెండు పోకుండా ఉంటుంది. లోపలి యంత్రాంగమంతా ఒక్క ముద్దగా బయటికొచ్చింది. ముద్ద అని ఎందుకంటున్నానంటే అది నిండా గ్రీజే. ఎప్పుడో ఎవరో రిపేరు పేరుతో డబ్బాడు గ్రీజు కూరారు. ఈ హబ్బుకు కావలసింది పల్చని నూనె, దాని కోసమే పైన చిన్న మూత కూడా ఉంది. గోళీల దగ్గర తప్ప లోపల గ్రీజు పెడితే చక్రాన్ని ముందుకు తోసే ఉక్కు నాలుకలు అతుక్కుపోయి లేవవు. కిరోసిన్‌లో రెండు రాత్రులు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాక గానీ పళ్లు కనపడలేదు.

కనపడ్డాక మాత్రం నాకు సంతోషం ఆగలేదు. నడుమ ఇరుసు మీద 20 పళ్ల చక్రం. దాని చుట్టూ నాలుగు చిన్న చక్రాలు, ఒక్కోదానికి 20 పళ్లు. వాటన్నిటినీ చుట్టి లోపలి వైపు 60 పళ్లున్న కడియం. చిన్న చక్రాలున్న చట్రాన్ని చైను తిప్పితే కడియం ఒకటికి ఒకటీ మూడో వంతు తిరుగుతుంది, అది మూడో గేరు. కడియాన్ని తిప్పి చట్రం నుంచి చక్రానికి అందిస్తే ముప్పాతిక, అది ఒకటో గేరు. రెండోది నేరుగా ఒకటికి ఒకటి. భిన్నాలు చెప్పడానికి రొట్టె ముక్కలు గీసేదాన్ని ఇన్నాళ్లూ. ఈ ఏడు ఏడో తరగతి పిల్లలకు ఆ కడియం తీసుకెళ్లి చేతికిచ్చాను, పళ్లు లెక్కపెట్టమని.

ఏ గేరో నిర్ణయించేది క్లచ్. కూడిక గుర్తులా నాలుగు చేతులున్న చిన్న ముక్క అది. కేబుల్ లాగితే కుడికి, వదిలితే స్ప్రింగు తోసి ఎడమకు జరుగుతుంది. రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య ఒక సన్నని చోటుంది. అక్కడ క్లచ్ దేన్నీ పట్టుకోదు. కేబుల్ సరిగ్గా బిగించి ఉన్నప్పుడు ఆ చోటు తగలదు. నాయన సైకిలుకు కేబుల్ సాగిపోయి ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు. పైగా క్లచ్ చేతుల మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి. 1986లో పెడల్ గాలిలోకి పోయింది అందుకే.

మూలలు ఆకురాయితో పదును పెట్టి, కేబుల్ కొత్తది వేస్తే మూడు గేర్లూ మళ్లీ పనిచేసేవి. తైవాన్‌లో ఇప్పుడు వచ్చే హబ్బుల్లో ఆ ఖాళీ లేకుండా మార్చారు కాబట్టి, లోపలి సరంజామా కొత్తది తెప్పించినా సరిపోయేది. కానీ 74 ఏళ్ల మనిషి పడకూడదు. కేబుల్ మళ్లీ సాగితే? నేను ఊళ్లో లేని రోజు తెగితే? నాకు కావలసింది, ఏది చెడిపోయినా పెడల్ కింద గట్టిగా నిలిచే సైకిలు. అందుకని మూడో గేరునే వదులుకోవాలనుకున్నాను. ఇరుసు మీద, నడిమి పళ్ల చక్రానికీ క్లచ్‌కూ మధ్య ఒక ఉంగరం వేస్తే క్లచ్ ఎడమకు రెండో గేరు దాకానే పోగలదు. ఖాళీ చోటు దాకా పోయే దారే ఉండదు. కేబుల్ తెగినా రెండో గేరు. ఒకటో గేరులో కేబుల్ కొంచెం వదులైనా రెండో గేరే పట్టుకుంటుంది.

"మూడో గేరు తీసేస్తావా?" అని నాయన మొహం చిన్నబోయింది. మూడో గేరులో ఎన్నిసార్లు తొక్కినావు నాయనా అంటే, కొన్న కొత్తలో, ఎదురుగాలి లేని పొద్దున కడప దాకా, అన్నాడు. ఆ మాటకు నాకు చేతులు కాసేపు ఆడలేదు. అయినా తీసేశాను.

ఉంగరం మందం తేలడానికి ఒక ఆదివారమంతా పట్టింది. పల్చని వాషర్లు రెండు వేస్తే క్లచ్ జారింది. నాలుగు వేస్తే రెండో గేరు సగం ఒకటో గేరులా తడబడింది. మూడు సరిపోయాయి. అవి పట్టుకుని కడపలో లేత్ షాపుకు పోతే, ఆ మూడింటి మందానికి ఒకే ఉక్కు ఉంగరం తీసిచ్చారు. చేతిలో పెట్టుకుంటే చొక్కా గుండీ కన్నా ఏమంత పెద్దది కాదు.

నాలుకలు ఎక్కించడం అన్నిటికన్నా కష్టం. నాలుగు నాలుకలు, ఒక్కోదాని కింద వెంట్రుకంత స్ప్రింగు. స్ప్రింగు కాలు నాలుక కిందికి వంగి ఉండాలి, దాన్ని అలాగే అదిమి పట్టుకుని సూది లాంటి పిన్ను దూర్చాలి. రెండో స్ప్రింగు ఎగిరి వరండా కింద బండల సందులో పడింది. నాయన అయస్కాంతం దారానికి కట్టి, బోర్లా పడుకుని, గంటసేపటికి తీశాడు. ఆ గంట ఆయన మోకాళ్ల గురించి ఒక్కమాట అనలేదు.

చక్రం కట్టింది సైకిల్ షాపు భాయ్. పాత రిమ్ము తుప్పుకు చిల్లులు పడింది. ఇంగ్లండు హబ్బుకు రిమ్ము ఎక్కడ దొరుకుతుందోనని నేను టెన్షన్ పడుతుంటే ఆయన అటక మీది నుంచి ఒకటి దింపి, "లెక్క పెట్టుకో టీచరమ్మా, నలభై" అన్నాడు. మన సైకిళ్లకు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. ఈ హబ్బుకూ నలభై తూట్లే. ఆ పద్ధతి వచ్చిందే ఆ దేశం నుంచి కదా. పుల్లలన్నీ కొత్తవి వేసి, పొద్దు మునిగేలోపు బెండు తీసి ఇచ్చాడు.

వెనక పళ్ల చక్రం పాతది 18, దాని బదులు 20 పళ్లది వేశాను. ముందు 48. ఇదివరకు తీగ కట్టిన గేరులో పెడల్ ఒక చుట్టు తిప్పితే దాదాపు ఆరు మీటర్లు పోయేది. ఇప్పుడు రెండో గేరులో అయిదున్నర లోపు, ఒకటో గేరులో నాలుగు. అదే మిట్టకు, అదే మనిషికి, పెడల్ మీద మోపాల్సిన బలం మూడింట రెండు వంతులకు తగ్గింది.

మొదటిరోజు పొద్దున్నే నేను వెనకే స్కూటీ మీద పోయాను. రెండో గేరులో ఈ హబ్బు తొక్కుతున్నా టిక్కుటిక్కుమంటుంది, వాడని నాలుకలు లోపల తట్టుకుంటూ పోతాయి కాబట్టి. ఒకటో గేరులో తొక్కేటప్పుడు ఆ చప్పుడు ఉండదు. మిట్ట మొదట్లో నాయన నెమ్మదించాడు. బొటనవేలు మీట మీద పెట్టి, చాలాసేపు అలాగే ఉంచాడు. స్కూటీ ఇంజను ఆపి విన్నాను. టిక్కుటిక్కు. తర్వాత ఏ చప్పుడూ లేదు. నాయన సీటు మీద నుంచి లేవకుండా, నన్ను వెనక్కి తిరిగి చూడకుండా, కంపచెట్ల పక్కగా పైకి పోతున్నాడు.

మిట్ట మీద ఆగి నా కోసం చూశాడు. "క్యారియర్‌కు గోతం కట్టే తాడు తెచ్చినావా?" అన్నాడు. నేను తేలేదు. మర్నాడు తనే కట్టుకున్నాడు. మీటకు మిగిలిపోయిన ఆ పాత బైండింగు తీగతో.