తీన్ బీఘా మీదుగా కుచ్లీబారీకి

మెఖ్లీగంజ్, జనవరి, గురువారం

పంట రుణం దరఖాస్తు ఒకటి పొలం చూసి రావడానికి మిగిలి ఉంది. ఉదయమంతా పొగమంచే. పదకొండు దాటాక కాస్త విడిస్తే బ్యాంకు నుంచి మోటారు సైకిల్ మీద కుచ్లీబారీ బయలుదేరాను.

నేను పనిచేసే, పశ్చిమ బెంగాల్‌లోని ఈ మెఖ్లీగంజ్‌కు పడమర తీస్తా నది, దక్షిణాన, తూర్పున బంగ్లాదేశ్. నది అవతలి హల్దీబారీ కూడా కూచ్‌బిహార్ జిల్లాలోదే, కానీ 2021లో వంతెన ప్రారంభమయ్యే వరకు రోడ్డు మీద వెళ్లాలంటే జల్పాయిగురి చుట్టి రావలసిందే. 2011 లెక్కల ప్రకారం జిల్లా జనాభా 28,19,086. నూటికి తొంభై మంది పల్లెల్లోనే ఉన్నారు. సగం మంది షెడ్యూల్డ్ కులాల వారు. దేశంలో ఏ జిల్లాలోనూ ఇంత నిష్పత్తి లేదు. వారిలో ఎక్కువ మంది ఈ ప్రాంతపు స్థానిక సముదాయమైన రాజబంశీలు. మా కౌంటరు ముందు నిలబడే ముఖాల్లోనూ వాళ్లవే ఎక్కువ.

కుచ్లీబారీ దారి తీన్ బీఘా అనే చిన్న నేల ముక్క మీదుగా వెళ్తుంది. మా రోడ్డు ఉత్తరం నుంచి దక్షిణానికి, బంగ్లాదేశ్ వాళ్ల రోడ్డు తూర్పు నుంచి పడమరకు. రెండూ అక్కడ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. నేల మనది. దాని మీద అటూ ఇటూ నడిచే హక్కు మాత్రం వాళ్లకుంది. ఈ రోజు బీఎస్‌ఎఫ్ జవాను మమ్మల్ని ఆపి అటువైపు వాళ్లను వదిలాడు. కూరగాయల బస్తాలతో ఒక వ్యాన్ రిక్షా, వెనక స్కూలు దుస్తుల్లో ఇద్దరు అమ్మాయిలు పాట్‌గ్రామ్ వైపు వెళ్లారు. పాట్‌గ్రామ్ బంగ్లాదేశ్‌లోని లాల్‌మొనిర్‌హాట్ జిల్లాలో ఒక ఉపజిల్లా, మన మండలం లాంటిది. అమ్మాయిల ఊరు దహగ్రామ్ దాని కిందిదే అయినా నాలుగు వైపులా భారతదేశమే. మధ్యలో ఉన్న మన నేల వెడల్పు 178 మీటర్లు. ఆ కాస్త దూరం చట్టబద్ధంగా దాటడానికి దహగ్రామ్ వాళ్లు 1992 జూన్ 26 దాకా ఆగారు. ఆ తర్వాత కూడా మొదట్లో పగటిపూట గంట తెరిచి గంట మూసేవారు. రాత్రి కాన్పు నొప్పులు వస్తే తెల్లవారే దాకా ఓర్చుకోవాలి. ఇరవై నాలుగు గంటలూ తెరిచింది 2011 అక్టోబర్‌లో. ఇటు కుచ్లీబారీ వాళ్ల భయం ఇంకొకటి. తీన్ బీఘాను పూర్తిగా ఇచ్చేస్తే తమ ఊళ్లకు దారి పోతుందని ఉద్యమించారు. కాల్పుల్లో ప్రాణాలూ పోయాయి. రెండు వైపుల వాళ్లూ అడిగింది రోడ్డే కదా అని అక్కడ ఆగిన ప్రతిసారీ అనిపిస్తుంది.

మాది ఇచ్ఛాపురం. సరుకులకు ఒడిశాలోని బరంపురం వెళ్లి రావడం మాకు మామూలు. దారిలో రాష్ట్రం ఎక్కడ మారిందో పట్టించుకున్న వాళ్లు లేరు. అందుకేనేమో ఇక్కడి ఇనుప కంచె నాకు ఇంకా అలవాటు కాలేదు.

రైతు నా కోసం కంచె గేటు దగ్గరే ఎదురు చూస్తున్నాడు. కంచెను అసలు సరిహద్దు మీద కాక చాలా చోట్ల 150 గజాలు లోపలికి వేయడంతో మన రైతుల భూములు అవతల పడ్డాయి. ఆయనకు అవతల నాలుగు బీఘాలు, అంటే ఎకరంపావు పైచిలుకు. బంగాళాదుంప వేశాడు. గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చి వెళ్లాలి, తిరిగి వచ్చేటప్పుడు తీసుకోవాలి.

"తొందరగా చూసేయండి సార్. గేటు వేశారంటే మళ్లీ తీసేదాకా మనం అటే" అన్నాడు.

"నీళ్లు ఎప్పుడు పెడతావు కాకా?"

"వాళ్లు తెరిచినప్పుడే."

దుంప బాగుంది. మంచు ఇలాగే పట్టి ఉంటే ఆకుమాడు తెగులు వస్తుందని, మందు కొట్టాలంటే పొద్దున్నే వెళ్లాలని, గేటు మాత్రం తన పొద్దును బట్టి తెరవరని చెప్పాడు. మా దరఖాస్తులో భూమి విస్తీర్ణానికి గడి ఉంది, నీటి వసతికి ఉంది. రోజుకు ఎన్ని గంటలు పొలంలో ఉండగలడో రాయడానికి లేదు.

ఆయన భార్య టీ ఇచ్చింది. ఆమె పుట్టిల్లు ఒకప్పటి ఛిట్‌మహల్‌లో, అంటే భారత్ మధ్యలో ఉన్న బంగ్లాదేశ్ నేల ముక్కలో. బంగ్లాదేశ్ లోపల 111, మన లోపల 51 అలాంటి ముక్కలు 2015 జూలై 31 అర్ధరాత్రి దేశం మారాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2011లో రెండు ప్రభుత్వాలూ కలిసి తలలు లెక్కపెడితే మొత్తం 51 వేలకు పైగా తేలారు. ఏ పంచాయతీకీ, ఏ ఓటరు జాబితాకూ పట్టని 51 వేల మంది! స్కూల్లో చేరడానికి పక్క ఊరి మనిషిని తండ్రిగా రాయించానని ఆమె మామూలుగా చెప్పింది. ఇప్పటికీ ఆమె స్కూలు సర్టిఫికెట్‌లో ఒక తండ్రి, ఆధార్‌లో ఇంకొక తండ్రి. ఖాతా తెరవడానికి రెండుసార్లు తిప్పి పంపారట. సోమవారం రెండు కాగితాలూ పట్టుకుని నేరుగా నా దగ్గరికే రమ్మన్నాను. అఫిడవిట్ నమూనా నేనే రాసి ఇస్తాను.

నాలుగున్నరకు బ్యాంకుకు తిరిగి వచ్చి నివేదిక రాశాను. కంచె అవతలి భూమికీ ఇవతలి భూమికీ ఒకే లెక్కన రుణం సిఫారసు చేశాను. రిమార్కుల్లో గేటు వేళలు, మందు కొట్టాల్సిన వేళలు పక్కపక్కన రాసి, ఇలాంటి పొలాలకు కిస్తీ గడువు నెల పొడిగించాలని అడిగాను. పై ఆఫీసు వాళ్లు కారణం అడిగితే రేపే ఫోన్లో చెప్తాను.