లక్సమన బిరుదు వెంట మలక్కా నుంచి పెరాక్ దాకా

మలక్కాలో ఎర్రరంగు క్రైస్ట్ చర్చి పక్కనుంచి సాగే రోడ్డు పేరు జలాన్ లక్సమన. జలాన్ అంటే వీధి. 1753లో డచ్చివాళ్ళు కట్టిన ఆ చర్చి ముందు ఎప్పుడు చూసినా ఫొటోలు దిగేవాళ్ళే. పూలతో, బొమ్మలతో అలంకరించిన రిక్షాలు పాటలు హోరెత్తిస్తూ తిరుగుతుంటాయి. ఆ సందడిలో వీధి బోర్డు మీద పేరుని ఎవరూ పట్టించుకోరు. నేను మలేషియా వెళ్ళింది మాత్రం ఆ పేరు కోసమే.

నేను విశాఖపట్నంలో పెరిగాను. తెల్ల యూనిఫాంలు, డిసెంబర్ 4న బీచ్ రోడ్డులో నేవీ డే విన్యాసాలు, ఎవరి నాన్న ఏ ర్యాంకో స్కూల్లో చెప్పుకునే గొప్పలు, అన్నీ చిన్నప్పటినుంచీ చూస్తున్నవే. అందుకే మలేషియా, ఇండోనేషియా నౌకాదళాల్లో అడ్మిరల్‌ని 'లక్సమన' అంటారని తెలిసినప్పుడు ఆ మాట మనసులో పడిపోయింది. అవును, మన లక్ష్మణుడి పేరే. రామకథ ఆ తీరాలకి ఎప్పుడో చేరింది. అన్న వెంట అడవికి నడిచిన తమ్ముడి పేరు, రాజుని అంటిపెట్టుకుని ఉండే నౌకాధిపతికి బిరుదైంది. ఇది వినగానే మనవాళ్ళం "చూశారా, అక్కడ కూడా మనదే" అని పొంగిపోతాం. నా ఆసక్తి కూడా అక్కడే మొదలైంది. అయితే ఆ పేరుని తీసుకుని మలయ్ ప్రజలు అయిదారు వందల ఏళ్ళుగా ఏం చేసుకున్నారో చూస్తే, అది పూర్తిగా వాళ్ళ కథ. దాన్ని వాళ్ళ నోటే వినాలి.

కౌలాలంపూర్ నుంచి మలక్కాకి బస్సులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. దిగగానే సెయింట్ పాల్ కొండ కింద ఉన్న సుల్తాను రాజభవనానికి వెళ్ళాను. పాత భవనం ఎప్పుడో పోయింది. పాత చరిత్ర గ్రంథంలోని వర్ణనని పట్టుకుని 1980లలో కట్టిన నమూనా ఇది. అంతా చెక్కే, మేకులు వాడకుండా బిగించారు. లోపల కొలువు తీరిన దర్బారుని బొమ్మలతో చూపించారు. సుల్తాను, ఆయన కింద ప్రధానమంత్రి బెందహార, నగర రక్షణ చూసే తెమెంగుంగ్, ఆ తర్వాత లక్సమన. రేవు వ్యవహారాలకి నలుగురు షాబందర్లు ఉండేవారు. గుజరాతీ వర్తకులకి ఒకరు, చైనా వైపు వాళ్ళకి ఒకరు అన్నట్టు పంచుకునేవారు. మన తీరం నుంచి వెళ్ళిన 'కెలింగ్' వర్తకులు కూడా ఆ పంపకంలో ఉన్నారు. కళింగం నుంచి వచ్చిన ఆ పేరు అప్పట్లో దక్షిణాది వాళ్ళందరికీ వర్తించేది. ఇప్పుడు మాత్రం అక్కడి భారతీయులు దాన్ని తిట్టుగా భావిస్తారు, మనుషుల విషయంలో వాడకూడదు.

లక్సమన పని ఏమిటో అక్కడ నిలబడితే బాగా అర్థమైంది. ఇండియా నుంచి, చైనా నుంచి వచ్చే ఓడలు గాలి మళ్ళేదాకా ఈ జలసంధిలోనే ఆగాలి. ఆగిన ఓడలకి రక్షణ ఇవ్వగలిగినవాడికే సుంకం, సంపద. ఆ రక్షణ లక్సమన చేతిలో ఉండేది. అతని పడవలకి బలం ఒరాంగ్ లావుత్ అనే సముద్రజనం. పుట్టుక నుంచి చావు దాకా నీటి మీదే బతికే వాళ్ళకి ఆ తీరంలో ప్రతి పాయా తెలుసు. సముద్రం చూసుకోవడంతో పాటు సుల్తాను అంగరక్షణ, అవసరమైతే పరదేశాలకి రాయబారం కూడా లక్సమన బాధ్యతే. 1511లో మలక్కా పోర్చుగీసువాళ్ళ చేతికి పోయిన వెంటనే అక్కడికి వచ్చిన తోమె పిరెస్ అనే పోర్చుగీసు అధికారి కూడా లక్సమనని అడ్మిరల్ లాంటివాడనే రాశాడు.

ఈ బిరుదు వినగానే మలయ్ వాళ్ళకి గుర్తొచ్చే మనిషి ఒక్కడే, హాంగ్ తువా. 15వ శతాబ్దంలో సుల్తాన్ మన్సూర్ షా కొలువులో ఉన్నాడంటారు. అసలు అలాంటి మనిషి ఉన్నట్టు లిఖిత ఆధారాలు లేవని 2012లో చరిత్రకారుడు ఖూ కే కిమ్ అన్నప్పుడు దేశమంతా పెద్ద దుమారం రేగింది. నాకు ఆ వాదం కంటే ఇంకో ఆధారం విలువైనదిగా తోచింది. జపాన్ దక్షిణాన ఉన్న ర్యూక్యూ రాజ్యం తన దౌత్య లేఖల్ని భద్రపరిచింది. వాటిలో 1480 ప్రాంతంలో మలక్కా లక్సమన రాసిన లేఖలు ఉన్నాయి. మనిషి పేరు గురించి ఎంత తగువున్నా, ఆ పదవిలో ఒకరు కూర్చుని సముద్రాల అవతలికి ఉత్తరాలు రాశారన్నది మాత్రం నిజం.

హాంగ్ తువా కథ అక్కడి పిల్లలందరికీ తెలుసు. అతనికి నలుగురు ప్రాణస్నేహితులు: జెబాత్, కస్తూరి, లెకిర్, లెకియు. ఓర్వలేనివాళ్ళు సుల్తానుకి చాడీలు చెప్పారు. సుల్తాను విచారణ కూడా లేకుండా తువాని చంపమన్నాడు. బెందహార అతన్ని చంపకుండా దాచిపెట్టాడు. స్నేహితుడు చనిపోయాడనుకున్న జెబాత్, సుల్తాను మీద తిరగబడి రాజభవనాన్ని ఆక్రమించాడు. అతన్ని ఎదుర్కొనే మొనగాడు లేకపోయాడు. అప్పుడు తువా బతికే ఉన్నాడని బయటపెట్టారు. సుల్తాను క్షమించాడు. తువా వెళ్ళి, తన కోసమే తిరగబడిన స్నేహితుణ్ణి తన చేత్తోనే చంపాడు. ఇది 'హికాయత్ హాంగ్ తువా'లో ఉన్న కథ. 'సెజారా మెలాయు' అనే చరిత్ర గ్రంథంలో తిరగబడింది కస్తూరి. ఈ రెండు గ్రంథాల్నీ యునెస్కో 2001లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

రాజభవనంలో ఆ ద్వంద్వయుద్ధాన్ని బొమ్మలతో చూపించిన చోట నేను చాలాసేపు ఉండిపోయాను. నా పక్కనే ఒక మలయ్ కుటుంబం. స్కూలు వయసు అబ్బాయి తండ్రితో గట్టిగా వాదిస్తున్నాడు. ఏమిటని అడిగితే తండ్రి నవ్వి, "వాడిది జెబాత్ పార్టీ, నాది తువా పార్టీ" అన్నాడు. అన్యాయమైన ఆజ్ఞని పాటించాలా, ఎదిరించాలా అన్న ప్రశ్న మీద ఆ దేశంలో నాటకాలు వచ్చాయి, వ్యాసాలు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. మన లక్ష్మణుడికి ఈ పరీక్ష మరో రకంగా ఎదురైంది. గర్భవతి అయిన సీతని అడవిలో దింపి రమ్మంటే, కన్నీళ్ళతోనే దింపి వచ్చాడు. ఆ ఘట్టం చదివినప్పుడల్లా కలిగే బాధే నాకు అక్కడా కలిగింది.

హికాయత్‌లో మనకి సంబంధించిన ఘట్టం ఒకటుంది. లక్సమన రాయబారిగా కెలింగ్ దేశానికి వెళ్తాడు. అక్కడి రాజధాని పేరు బిజయ నగరం, రాజు పేరు కిస్న రాయన్. ఎవరో పోల్చుకోవడం తెలుగువాళ్ళకి కష్టం కాదు. కాలం మాత్రం సరిపోదు. శ్రీకృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా, తువాది అంతకు ముందు తరం. ఈ కథ రాసుకున్నది 17వ శతాబ్దంలో. అయినా రాయలు పోయి వందేళ్ళు దాటాక కూడా జలసంధి ఒడ్డున ఒక కథకుడికి గొప్ప రాజు అనగానే ఆయన పేరే తట్టిందంటే నాకు ఎంతో సంతోషమనిపించింది. కథలో కిస్న రాయన్ తువాని చైనాకి కూడా పంపుతాడు. అక్కడ చక్రవర్తి ముఖం వైపు ఎవరూ చూడకూడదు. లక్సమన తూటికూర తరగకుండా వండమని అడిగి, పొడుగాటి కాడల్ని నోట్లో వేసుకునే వంకతో తలెత్తి ముఖం చూసేస్తాడు. ఆ రాత్రి మలక్కాలో ఒక చిన్న హోటల్లో నేను అదే కూర తిన్నాను. కంకుంగ్ బెలచాన్ అంటారు, రొయ్యల ముద్ద వేసి వేయిస్తారు. మన పల్లెల్లో తూటికూరని ఇంత ఘుమఘుమలాడేలా ఎందుకు వండుకోమో!

మర్నాడు పాతబస్తీలో నడిచాను. జోంకర్ వీధి అని అందరూ పిలిచే వీధి అసలు పేరు జలాన్ హాంగ్ జెబాత్. ఆ చుట్టుపక్కలే కస్తూరి పేరుతో, లెకిర్ పేరుతో, లెకియు పేరుతో వీధులున్నాయి. కస్తూరి సమాధి జోంకర్ వీధిలోనే, జెబాత్‌ది కొంచెం దూరంలో. తువాదని చెప్పే సమాధి ఊరికి దూరంగా తంజుంగ్ క్లింగ్‌లో ఉంది. మధ్యలో 1781 నాటి పొయ్యాద వినాయకుడి గుడి తగిలింది. మలక్కా చెట్టిలు అనే హిందువులు కట్టుకున్నది. ఇంట్లో మలయ్ మాట్లాడుతూ గుడిలో వినాయకుణ్ణి కొలిచే ఆ సమాజం గురించి విడిగా రాయాలి.

మలక్కా నుంచి మళ్ళీ ఉత్తరానికి వచ్చాను. కౌలాలంపూర్‌లో హాంగ్ తువా అనే రైలు స్టేషన్లో మారి, పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతుక్ చేరాను. కొబ్బరి తోటల ఊరు. ఉత్తరాంధ్ర నుంచి కూలీలుగా వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎక్కువ. తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఇంట్లో దిగాను. ఆ ఇంటి మామ్మగారు "ఏటి నాయనా, ఆ పేరు కోసం ఇంత దూరం వచ్చావా?" అంటూనే కొబ్బరిపాలు పోసిన చేపల పులుసు వడ్డించారు. పరీక్షల టెన్షన్‌లో ఉన్న ఆవిడ మనవరాలు పుస్తకం మూసి, ఆడవాళ్ళు ఎవరైనా లక్సమన అయ్యారా అని అడిగింది.

అయ్యారు. సుమత్రా ఉత్తర కొసన ఆచే రాజ్యంలో మలహాయతి అనే ఆవిడ. పోర్చుగీసువాళ్ళతో యుద్ధాల్లో భర్తల్ని పోగొట్టుకున్న స్త్రీలతో 'ఇనోంగ్ బలీ' దళాన్ని నడిపింది. 1599లో డచ్చి నౌకానాయకుడు కార్నెలిస్ దె హౌట్‌మన్ ఆచేలో చనిపోయింది ఆవిడ చేతిలోనే అంటారు. ఇండోనేషియా 2017లో ఆవిడని జాతీయ వీరవనితగా ప్రకటించింది. ఆవిడ పేరుతో ఆచేలో రేవుంది, ఒక యుద్ధనౌకకి కూడా ఆ పేరు పెట్టారు. ఆ అమ్మాయి పేరు రాసుకుంది. మలక్కాలో విన్న కథలన్నిటికంటే ఇదే ఎక్కువమందికి తెలియాలని నాకు గట్టిగా అనిపించింది.

అక్కడినుంచి లుముత్. మలేషియా నౌకాదళం ప్రధాన స్థావరం ఇక్కడే. లోపలికి వెళ్ళలేం, కానీ పంగ్కోర్ దీవికి వెళ్ళే ఫెర్రీ దాని ముందునుంచే వెళ్తుంది. బూడిదరంగు ఓడలు వరసగా కనిపించాయి. పక్కన కూర్చున్న పెద్దాయన నేవీలో పనిచేసి రిటైరయ్యారు. పాచిక్ అని పిలిచాను, మన బాబాయ్ లాంటి పిలుపు. ఆయన ర్యాంకులు వివరించారు: లక్సమన పెర్తామ, లక్సమన ముదా, లక్సమన మద్యా, ఆపైన పూర్తి లక్సమన. దళాధిపతి పదవిని పంగ్లిమా అంటారు, అదీ పాత సేనాపతుల బిరుదే. తర్వాత ఓడల సంగతి చెప్పారు. 1980లలో ఇరాక్ కోసం ఇటలీలో తయారై, కువైట్ ఆక్రమణ తర్వాతి ఆంక్షలతో చిక్కుకుపోయిన నాలుగు ఓడల్ని మలేషియా కొని 'లక్సమన' తరగతి అని పేరు పెట్టింది. ఒక్కో ఓడకీ ఒక్కో పాత లక్సమన పేరు. మలక్కా పోయాక పోర్చుగీసువాళ్ళని ఏళ్ళ తరబడి వేధించిన హాంగ్ నదిమ్ పేరు వాటిలో ఉంది.

హాంగ్ తువా పేరుతో ఓడ సరే, కస్తూరి, లెకిర్, లెకియు కూడా సరే. 1999లో దళంలో చేరిన పెద్ద యుద్ధనౌక ఒకదాని పేరు జెబాత్. రాజు మీద తిరగబడ్డవాడి పేరు రాజు నౌకకి ఎలా పెట్టారని అడిగాను. పాచిక్ కాసేపు ఆలోచించి, "వాడు తిరగబడింది స్నేహితుడి కోసం కదా. ఓడలో పక్కవాడి కోసం నిలబడనివాడు మాకెందుకు?" అన్నారు. బడి పుస్తకాలు విధేయతనే ఎక్కువ మెచ్చుకోవచ్చు గానీ, విధేయత మీదే నడిచే దళం జెబాత్‌ని కూడా తనవాడనుకుంది. ఈ బిరుదు ఇన్నాళ్ళు బతికి ఉండడానికి అదొక కారణమని నా నమ్మకం.

పంగ్కోర్ దగ్గరే 1874 జనవరి 20న బ్రిటిష్‌వాళ్ళు పెరాక్ పెద్దలతో ఒప్పందం రాయించుకున్నారు. సంతకం పెట్టినవాళ్ళలో పెరాక్ లక్సమన ఒకరు. ఆ ఒప్పందంతో సుల్తానుకి సలహాదారుగా వచ్చిన బ్రిటిష్ రెసిడెంట్ బర్చ్‌ని మరుసటి ఏడాది నవంబర్లో చంపేశారు. దాంతో సుల్తాన్ అబ్దుల్లాతో పాటు లక్సమన మొహమ్మద్ అమీన్‌ని కూడా హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులకి ప్రవాసం పంపారు.

చివరగా పెరాక్ రాజనగరం క్వాలా కంగ్సార్ వెళ్ళాను. మలక్కా చివరి సుల్తాను కొడుకు 1528లో నెలకొల్పిన వంశం ఇది. హాంగ్ తువాదని చెప్పే తామింగ్ సారి అనే బాకు ఇక్కడి రాజచిహ్నాల్లో ఒకటి. సుల్తాను కొలువులో 'ఎనిమిదిమంది పెద్దలు' అనే వరస ఇప్పటికీ ఉంది, వాళ్ళలో ఒకరి బిరుదు లక్సమన. ఆయన కింద పడవల్లేవు, పట్టాభిషేకాల్లో, రాజవేడుకల్లో తన స్థానంలో కూర్చుంటారు. అదే రాష్ట్రంలో సముద్రం ఒడ్డున, లుముత్‌లో, కొత్తగా నౌకాదళంలో చేరిన యువ అధికారులు ఏదో ఒకనాటికి ఆ బిరుదుని భుజాన ధరించాలని కష్టపడుతున్నారు.