ఏమడిగారో చెప్పకూడదు

పద్మారావునగర్‌లో మా నాన్నగారి ఇంట్లో, వీధి వైపు గదిలో, మా అమ్మ పాత కుట్టుమిషను బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పైన ఇస్త్రీ చేసిన నల్లకోటు, కింద నూలు పైజమా వేసుకుని, మా అమ్మాయి 2024 డిసెంబరులో ఒక అమెరికా వైద్య కళాశాల ప్రవేశపు ఇంటర్వ్యూకు కూర్చుంది. అక్కడ ఉదయం 8:30, ఇక్కడ సాయంత్రం 7:00. 2020లో కోవిడ్ వచ్చిన నాటి నుంచి అక్కడి కళాశాలలు చాలావరకు ఈ ఇంటర్వ్యూలను వీడియోలోనే జరుపుతున్నాయి గనుక, ఒహాయో నుంచి మేము మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళికి రావడానికీ, అది ఇంటర్వ్యూకు హాజరు కావడానికీ పేచీ రాలేదు. పేచీ అంతా పెళ్ళిలో బంధువులు వేసిన ఒకే ఒక్క ప్రశ్నతో వచ్చింది: "ర్యాంకు ఎంత వచ్చిందమ్మా?"

ర్యాంకు లేదని చెబితే దాస్తున్నామనుకున్నారు. అక్కడి ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో మార్కులు 472 దగ్గర మొదలై 528 దగ్గర ఆగుతాయనీ, ఆ మార్కులు ఇంటర్వ్యూ గుమ్మం దాకా తీసుకువెళ్తాయే తప్ప సీటు ఇవ్వవనీ నేను విడమర్చి చెప్పబోతే, నాన్నగారు మధ్యలో అందుకుని, "సున్నా నుంచి మొదలుపెడితే వాళ్ళ సొమ్మేం పోయింది?" అన్నారు. దానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. మా తమ్ముడి కొడుకు నీట్‌లో 720కి తెచ్చుకున్న మార్కులను బట్టి ర్యాంకు, ర్యాంకును బట్టి కౌన్సెలింగు, వెబ్ ఆప్షన్లు, సర్టిఫికెట్ల పరిశీలన, జిల్లా ప్రభుత్వ కళాశాలలో సీటు. మొదటి నుంచి చివరి దాకా "నువ్వు డాక్టరువి ఎందుకవుతావురా?" అని వాణ్ణి అడిగిన అధికారి ఒక్కడూ లేడు. నోరు విప్పకుండానే వాడు వైద్య విద్యార్థి అయిపోయాడు. మా అమ్మాయి ఏడాదిన్నరగా నోరు విప్పుతూనే ఉంది.

ఏడాదిన్నర అని ఎందుకంటున్నానంటే ఇది దానికి రెండోసారి. మొదటిసారి ఇరవై కళాశాలలకు దరఖాస్తు చేస్తే రెండింటి నుంచి మాత్రమే పిలుపు వచ్చింది; ఒకటి కాదంది, ఇంకొకటి వెయిటింగ్ లిస్టులో పెట్టి వేసవి దాకా ఏమీ తేల్చలేదు. ఇందులో వింతేమీ లేదు, 2023లో అక్కడ దాదాపు 52,500 మంది దరఖాస్తు చేస్తే చేరగలిగినవాళ్ళు 23,000 మంది. అయినా నేను హైదరాబాదుకు ఫోన్ చేసి, పిల్ల గ్యాప్ ఇయర్ తీసుకుంటోందని చెప్పాను. మా మరదలు ఒక్క క్షణం ఆగి, "అంటే లాంగ్ టర్మా వదినా?" అంది. ఇక్కడ నీట్ రెండోసారి రాసేవాళ్ళ మాట అది. ఇంత సూటిగా చెప్పే మాట నాకు ఇంగ్లీషులో దొరకలేదు, దొరికినా వాడేదాన్ని కాదేమో. నేను చుట్టాల దగ్గర ఇలా కప్పిపుచ్చుతూ ఉండగా, ఇంటర్వ్యూలో మా అమ్మాయిని ఖాయంగా అడిగే ప్రశ్న మాత్రం ఇదే: పోయిన ఏడు ఎందుకు రాలేదు, ఈ ఏడాదిలో ఏం మారింది? ఇంట్లో తల్లి దాచమన్నదాన్ని, ఊరూ పేరూ తెలియని ప్రొఫెసర్ ముందు తడుముకోకుండా చెప్పాలి.

ఇంటర్వ్యూలు రెండు రకాలు. ఒకటి పాత పద్ధతి: ఒకరిద్దరు అధ్యాపకులు, ఒక్కోసారి ఒక సీనియర్ విద్యార్థి, అరగంట చొప్పున మాట్లాడతారు. కొందరు దరఖాస్తు మొత్తం చదివి వస్తారు, కొందరికి మార్కులు కనబడకుండా దాచిపెడతారు. రెండోదాన్ని ఎంఎంఐ, అంటే మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ, అంటారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు రూపొందించి 2004లో దాని మీద వ్యాసం ప్రచురించిన తరువాత అది అనేక దేశాలకు పాకింది. అందులో పది గదులు ఉంటాయనుకోండి, ఒక్కో గది తలుపు మీద ఒక చిక్కు సమస్య రాసి ఉంటుంది, చదువుకోవడానికి 2 నిమిషాలు, లోపలికి వెళ్ళి మాట్లాడటానికి 8 నిమిషాలు, గంట కొట్టగానే పక్క గది. కొన్ని గదుల్లో రోగిలాగానో, కోపంగా ఉన్న సహోద్యోగిలాగానో నటించేవాళ్ళు కూర్చుంటారు. ఇప్పుడు ఆ గదులు తెర మీదికి వచ్చాయి.

నాన్నగారిది ఇంటర్వ్యూ అన్న మాట వింటేనే చిరాకు. గాంధీ మెడికల్ కాలేజీ బషీర్‌బాగ్‌లో ఉన్న రోజుల్లో చదువుకుని, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఉద్యోగ విరమణ చేసిన మనిషి ఆయన. ఇంటర్వ్యూ అంటే సిఫారసుకు తలుపు తీసినట్టేనని ఆయన వాదన. ర్యాంకుకు మేనమామలు ఉండరంటారు. ఆ మాటను నేను తేలికగా తీసెయ్యలేను, ఎందుకంటే ఒక్క మనిషి ఇష్టాయిష్టాల మీద ఒక పిల్ల బతుకు ఆధారపడకూడదన్న ఆలోచనే ఆ పది గదుల పద్ధతికీ మూలం. ఒక గదిలో నోరు తడబడినా, తరువాతి గదిలో కూర్చున్నవారికి ఆ సంగతి తెలియదు. ఇది చెబితే నాన్నగారు, "అయితే పదిమంది మేనమామలు కావాలన్నమాట" అని నవ్వేశారు.

మా పెంపకం దానికి ఎక్కడెక్కడ అడ్డుపడిందో సాధన చేయిస్తూ ఉంటే గాని నాకు తెలియలేదు. సొంత డబ్బా కొట్టుకోకూడదని చిన్నప్పటి నుంచి నూరిపోశాను. ఫలితంగా, ఉచిత వైద్యశాలలో రెండేళ్ళు పనిచేసి, తెలుగు మాత్రమే వచ్చిన ముసలివాళ్ళకోసం మందుల చీటీల మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసి ఇవ్వడం తానే మొదలుపెట్టిన పిల్ల, ఆ సంగతి చెప్పేటప్పుడు ప్రతి వాక్యంలోనూ "మేము" అంటుంది. గంటకింత అని లెక్కగట్టి డబ్బు పుచ్చుకున్న ఒక సలహాదారు, ఈ "మేము"లో నువ్వెక్కడున్నావని విసుక్కున్నాడు. ఆ మాట నిజమే గాని, ఆ "మేము" నేను నేర్పినదే కాబట్టి ఆ విసుగు నాకు తగిలింది. చూపు సంగతీ అంతే. పెద్దవాళ్ళు అడుగుతున్నప్పుడు కళ్ళలోకి చూసి జవాబిస్తే మా ఇంట్లో ఎదురు చెప్పడం కింద లెక్క. ఇది బల్ల వైపు చూసి మాట్లాడేది. చివరికి మా అమ్మ తన బొట్టుబిళ్ళల అట్ట తెచ్చి, ల్యాప్‌టాప్ కెమెరా పక్కన ఒక ఎర్ర బిళ్ళ అంటించి, "దాన్ని చూసి మాట్లాడు, నన్ను చూసినట్టే" అంది. అక్కడ కూర్చున్న ప్రొఫెసర్లందరికీ మా అమ్మాయి తమ కళ్ళలోకే చూసి మాట్లాడినట్టు అనిపించి ఉంటుంది.

ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, హాల్లో సాధనకు కూర్చున్నాము. నేను ఫోన్లో టైమర్ పెట్టుకుని పరీక్షకురాలినయ్యాను. నాన్నగారు పడక కుర్చీలో. అమ్మ గుమ్మం దగ్గర చాప మీద గోంగూర కట్టలు విప్పి ఆకు దూస్తోంది. నమూనా ప్రశ్నల్లో తరచుగా కనబడేదే ఒకటి తీశాను. డెబ్బై ఏళ్ళ ఆవిడకు క్యాన్సరని తేలింది, కొడుకు వరండాలో డాక్టరును ఆపి, మా అమ్మకు ఈ సంగతి చెప్పవద్దని బతిమాలుతున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

మా అమ్మాయి ఇంగ్లీషులో ఆరు నిమిషాలు ధారాళంగా మాట్లాడింది. తన జబ్బు గురించి తెలుసుకునే హక్కు రోగిది, కొడుకు భయాన్ని ముందు వినాలి, అతను అడిగినంత మాత్రాన అబద్ధం చెప్పకూడదు; తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాగితం మీద ఉన్న అనుబంధ ప్రశ్న కూడా అడిగాను: మీ కుటుంబంలోనే ఇలాంటిది జరిగితే? అది గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి, "జరిగింది కదమ్మా" అంది.

2019లో మా అమ్మకు రొమ్ములో గడ్డకు ఆపరేషన్ జరిగింది. నాన్నగారూ తమ్ముడూ ఇక్కడా, నేను అక్కడా ఫోన్లోనే మాట్లాడుకుని, ఉత్త గడ్డేనని, తీసేశారని, ఐదేళ్ళు వేసుకోవలసిన మాత్రలు బలానికని చెప్పాలని నిశ్చయించాము. అప్పుడు పదిహేడేళ్ళున్న మా అమ్మాయికి, అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు ఆ మాట నోరు జారవద్దని చెప్పింది నేనే. ఐదేళ్ళలో అది ఒక్కసారి కూడా జారలేదు, నాతో ఆ ఊసూ ఎత్తలేదు. అందుకే దాని మనసులో ఏమీ లేదనుకున్నాను. మిగిలిన రెండు నిమిషాల్లో అది నాకు చెప్పింది: ప్రతి ఆదివారం వీడియోలో అమ్మమ్మ "బలం మాత్రలు వేసుకున్నా" అని చెప్పినప్పుడల్లా తనకు ఎలా ఉండేదో, డాక్టరీ చదవాలన్న ఆలోచనకు దరఖాస్తులో రాసిన కారణం కాకుండా ఇంకో కారణం ఏముందో. టైమర్ మోగింది. నేను ఆపడం మరిచిపోయాను.

ఇంగ్లీషు సగమే అందిన నాన్నగారు ప్రశ్న ఏమిటన్నారు. తెలుగులో చెప్పాను, వరండాలో కొడుకు దాకా మాత్రమే. "ఇందులో సమస్యేముంది, నలభై ఏళ్ళు కొడుకులతోనే మాట్లాడాను" అన్నారాయన. అందుకు మా అమ్మాయి కోప్పడలేదు. రోగికి చెడ్డ వార్త చెప్పడానికి 2000 సంవత్సరంలో అమెరికా, కెనడా క్యాన్సర్ వైద్యులు కలిసి ప్రచురించిన ఆరు మెట్ల పద్ధతి ఒకటుందనీ, స్పైక్స్ అంటారనీ, దానిలో మూడో మెట్టు రోగిని "మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని అడగడమనీ, ఆవిడ "నాకొద్దు, మా అబ్బాయికి చెప్పండి" అంటే అలాగే చెయ్యవచ్చనీ వచ్చీరాని తెలుగులో తాతయ్యకు వివరించింది. "అడగడమా?" అని ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అమ్మ ఆకు దూయడం ఆపి, "ఎవరమ్మా ఆవిడ? మనవాళ్ళా?" అంది.

"ఎవరూ కాదమ్మా. పరీక్షలో ప్రశ్న."

"పాపం, పిల్లలెంతమందో" అని మళ్ళీ గోంగూరలో పడింది.

ఇంటర్వ్యూ రాత్రి ఇంట్లో కుక్కర్ పెట్టలేదు. కరెంటు పోతుందేమోనని తమ్ముడు ఇన్వర్టరుకు కొత్త బ్యాటరీ వేయించాడు. కరెంటు పోలేదు గాని తొమ్మిది గంటలకు మా సందులోకి బరాత్ వచ్చింది. మర్ఫా వాయిద్యాలు, వాటి వెనుక స్పీకర్ల బండి. కిటికీ అద్దాలు అదిరాయి. డెబ్బై ఎనిమిదేళ్ళ నాన్నగారు చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళి, చేతులు జోడించి, లోపల పిల్ల పరీక్ష రాస్తోందని వాళ్ళకు చెప్పారు. మందు వాసన కొడుతున్న పెళ్ళికొడుకు స్నేహితులు, "నీట్ ఆ అంకుల్?" అని అడిగి, సందు మలుపు దాకా డప్పు ఆపి నడిచారు. తరువాత తెలిసిందేమిటంటే, కెమెరా అవతలి ప్రొఫెసరుకు ఆ చప్పుడు వినబడి, అదేమిటని అడిగారట, ఇది నవ్వి పెళ్ళి ఊరేగింపని చెప్పిందట. ఆ సాయంత్రమంతటిలో తను ఊపిరి సరిగ్గా పీల్చుకున్నది ఆ ఒక్క నిమిషమేనంది.

అంతకు మించి మాకు చెప్పలేదు. ఆ పది గదుల్లో అడిగినవేవీ బయట చెప్పబోమని అభ్యర్థుల చేత ముందే సంతకం పెట్టిస్తారు, తరువాత వచ్చేవాళ్ళకు అవే ప్రశ్నలు వాడుకోవాలి గనుక. ఇక్కడ పరీక్ష హాలు గేటు దగ్గర తల్లిదండ్రులు పేపరు లాక్కుని చూసే అలవాటు ఉన్నదాన్ని నేను. ఆ మౌనం నాకు కొరుకుడు పడలేదు.

విద్యార్థులతో ముచ్చట్లు, కళాశాల పరిచయం అన్నీ ముగిసి అది గదిలోంచి బయటికి వచ్చేసరికి రాత్రి 12:40 అయింది. నాన్నగారు పడుకున్నారు. అమ్మ మేలుకునే ఉంది. పెరుగన్నం కలిపి, గిన్నె దాని చేతికిచ్చి, పక్కన కూర్చుంది.

"ఏమడిగారు బంగారూ?"

"చెప్పకూడదు అమ్మమ్మా. సంతకం పెట్టాను."

"సరేలే. ఈ ఇంట్లో నాకు ఎవరు ఏం చెప్పారు గనుక" అని, సీసాలోంచి మాగాయ ముక్క ఒకటి తీసి అన్నంలో వేసింది.