అక్క జబ్బు, బావగారి పిటిషన్

మా అక్కకి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. మందులు మానకుండా వేసుకుంటుంది, వంట చేస్తుంది, పాపని బడికి తయారుచేస్తుంది. అయినా బావగారు విడాకులకి వేశారు. నోటీసు వచ్చిన రోజు నాన్న అన్నం ముట్టలేదు.

1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక జబ్బు విడాకులకి ఒక కారణమే. కానీ డాక్టర్ చీటీలో జబ్బు పేరుంటే సరిపోదు. ఆ మనిషితో కాపురం చెయ్యడం న్యాయంగా ఎవరివల్లా కాదు అనేంత తీవ్రంగా ఉండాలి. 2013లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో భార్యాభర్తలిద్దరూ మన తెలుగు డాక్టర్లే. ఆవిడకి స్కిజోఫ్రీనియా అన్నాడు భర్త. ఆవిడ పై చదువు పూర్తిచేసి ప్రభుత్వ ఉద్యోగం చేస్తోంది. కోర్టు విడాకులివ్వలేదు. ఇదంతా అక్కకి చెబితే, "ఇంకోసారి చెప్పరా" అంది.

బావగారి కష్టాన్ని నేను కాదనను. అక్కకి బాగోలేని రాత్రుళ్లు ఆయనా నిద్రపోలేదు. నా కోపమంతా, జబ్బు సంగతి దాచి పెళ్లి చేసేసే పెద్దల మీద. అలాంటప్పుడు మోసం జరిగిందని పెళ్లి రద్దు అడగొచ్చు, కాకపోతే సంగతి తెలిసిన ఏడాదిలోపే వెయ్యాలి. మా ఇంట్లో దాచిందేమీ లేదు, పాప పుట్టాకే మొదలైంది.

జబ్బు ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేదని అనుకోకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. మా చుట్టాలకి ఇది ఎన్నిసార్లయినా చెబుతాను. వచ్చే వాయిదాకి అక్క తనే వస్తానంది, తన మాట తనే చెప్పుకుంటుందట.