ఆ కాగితం తెలుగులో ఇవ్వమని అడగండి

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచలో నాదొక జిరాక్స్ దుకాణం. ఫారాలు నింపుతాను, మరాఠీ కాగితం తెచ్చినవాళ్లకు తెలుగులో చదివి చెబుతాను. ఎక్కువగా సాత్‌బారా (భూమి రికార్డు), రేషన్ కార్డు, బ్యాంకు నోటీసులే వస్తుంటాయి. ఈ మధ్య మా గల్లీ చెల్లె ఒకామె ఫోన్‌లో ఒక కాగితం ఫోటో చూపించింది. "అన్నా, మా ఆయన్ని ఎందుకు పట్టుకపోయిన్రో ఇండ్ల రాసిందట. జర చదివి చెప్పవా?"

ఆమె భర్త తెలంగాణలోని చెన్నూరు వైపు నుంచి ఇల్లరికం వచ్చాడు, ట్రాక్టర్ తోలుతాడు. మరాఠీ మాట్లాడితే అర్థమవుతుంది గానీ అక్షరం రాదు. ఏదో ఇసుక తగాదాలో తీసుకెళ్లారు. ఏ ఠాణా అన్నది ఇక్కడ రాయను. కాగితం మొత్తం మరాఠీలోనే ఉంది. చివర్లో 'పైదంతా చదివి అర్థం చేసుకున్నాను' అన్న వాక్యం కూడా మరాఠీయే. దాని కింద అతని సంతకం మాత్రం తెలుగులో ఉంది. అది చూసి నాకు చాలా కోపం వచ్చింది. అర్థం కాలేదని ఆ సంతకమే చెబుతోంది కదా!

ఆ రాత్రి కూర్చుని పాత తీర్పులు వెతికాను. మొదట దొరికింది 1962 నాటిది, హరికిసన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ మహారాష్ట్ర. అది మన రాష్ట్రం కేసే. విచారణ లేకుండా ముందస్తు నిర్బంధంలో పెట్టిన ఆయనకు కారణాలన్నీ ఇంగ్లీషులో ఇచ్చారు. ఆయనకు వచ్చింది హిందీ. ఇంగ్లీషు ఇంకా అధికార భాషే కదా, పైగా పోలీసు అధికారి హిందీలో నోటితో వివరించాడు కదా అని ప్రభుత్వం వాదించింది. ఐదుగురు జడ్జీల బెంచి ఒప్పుకోలేదు. మనిషికి అర్థమయ్యే భాషలో, అతను చదవగలిగే లిపిలో రాసి ఇవ్వకపోతే చెప్పినట్టే కాదంది. నిర్బంధాన్ని కొట్టేసి ఆయన్ని వదిలిపెట్టమంది.

దాన్ని నేను మళ్లీ మళ్లీ చదివాను. సర్కారుకు మనిషిని లోపల పెట్టే అధికారం ఉండొచ్చు. కానీ కారణం తెలియనివాడు తనకోసం ఏమని వాదించుకుంటాడు? ఏమని అర్జీ పెట్టుకుంటాడు? రాజ్యాంగం 22వ అధికరణంలో కారణం చెప్పడాన్ని, లాయర్‌తో మాట్లాడుకోవడాన్ని పక్కపక్కనే పెట్టింది అందుకే అని నాకు అనిపిస్తుంది.

హరికిసన్ కేసు ముందస్తు నిర్బంధం గురించి. మామూలు అరెస్టుల సంగతి ఏమిటన్న సందేహాన్ని 2025 నవంబరు 6న సుప్రీంకోర్టు తీర్చేసింది. అదీ మహారాష్ట్ర కేసే. ముంబైలో జరిగిన కారు ప్రమాదం నుంచి వచ్చిన మిహిర్ రాజేశ్ షా కేసు. ఏ చట్టం కింద, ఏ నేరానికి అరెస్టు చేసినా కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అక్కడికక్కడ రాసివ్వడం కుదరకపోతే అప్పటికి నోటితో చెప్పొచ్చు. రాత మాత్రం, రిమాండ్ కోసం మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా చేతికి అందాలి. అందకపోతే ఆ అరెస్టు, రిమాండ్ చెల్లవు.

రెండు గంటలంటే చిన్న సంగతి కాదు. మా సిరోంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఇంట్లోవాళ్లు లాయర్‌ను వెతుక్కోవాలి, ఆయనకు ఏం చెప్పాలో ముందు వాళ్లకు తెలియాలి. ప్రాణహిత నది అవతల నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన మా ఆడవాళ్లలో చాలామందికి తెలుగు తప్ప ఇంకో లిపి రాదు. ఇటు పుట్టి మరాఠీ బడికి వెళ్లిన పిల్లలకు ఆ ఇబ్బంది లేదు, ఒప్పుకుంటాను. అడవి లోపలి మాడియా గిరిజనుల పరిస్థితి ఇంకా కష్టం. వాళ్ల మాటను రాతలో చదువుకోవడం ఎంతమందికి వచ్చు? అక్కడ కాగితం ఇచ్చి ఊరుకోకుండా, వాళ్ల మాటలో చదివి వినిపించాలి కూడా. నా అభిప్రాయం ఇది.

నేను చెల్లెకు చదివి చెప్పాను, సరే. కానీ జిరాక్స్ దుకాణంవాడు చదివి చెబితే పోలీసుల బాధ్యత తీరిపోదు. సొంత అధికారి నోటితో వివరించినా చాలదని 1962లోనే తేలింది కదా.

కాబట్టి మన వాళ్లలో ఎవరినైనా పట్టుకెళితే సంతకం పెట్టే ముందు 'నాకు మరాఠీ చదవడం రాదు, తెలుగులో ఇవ్వండి' అనమనండి. ఇవ్వకపోతే అదే మాట మేజిస్ట్రేట్ ముందు చెప్పమనండి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవల సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. ఈ రెండు తీర్పుల పేర్లు, సంవత్సరాలు, అందులోని ముఖ్యమైన మాటలు ఒక పేజీలో తెలుగులో టైప్ చేసి దుకాణంలో ఉంచాను. వచ్చి తీసుకెళ్లండి, డబ్బులు వద్దు.