పిల్ల కాలవలకి నీళ్లందాలి

నాకు గుండెపోటొచ్చిన సంగతి రాద్దామని కూర్చున్నప్పుడల్లా చెయ్యి ఆడేది కాదు, ఇప్పటికి కాస్త ధైర్యం వచ్చింది. మాది నరసరావుపేట. రాత్రి పదకొండింటికి ఇడ్లీ పిండి గిన్నెలోకి తీస్తుంటే దవడ లాగడం మొదలెట్టింది, గుండెల్లో నొప్పి పెద్దగా లేదు, వాంతొచ్చేట్టుంది, జాకెట్టంతా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది. మా ఆయన దగ్గర్లోని నర్సింగ్ హోంకి తీసుకెళ్తే అక్కడి డ్యూటీ డాక్టరు ఈసీజీ కూడా తియ్యకుండా "గ్యాసమ్మా, ఆడవాళ్లకి టెన్షన్లెక్కువ" అని ఓ ఇంజక్షన్ చేసి పంపించేశాడు. ఆ మాటని నేనింకా క్షమించలేదు, క్షమించను కూడా.

మూడింటికి మళ్లీ వచ్చింది. 108, గుంటూరు, ఈసీజీ, ఆస్ప్రిన్ నమలమనడం, సంతకాలు, అన్నీ గబగబా అయిపోయాయి. పైపు ఎక్కించే మణికట్టు దగ్గర మాత్రమే మత్తిచ్చారు కాబట్టి అన్నీ వినపడుతున్నాయి. స్టెంట్, అంటే మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, వేశాం అన్నారు, హమ్మయ్య అనుకున్నా. అంతలోనే డాక్టరుగారు "ఫ్లో రావట్లేదు" అన్నారు, రక్తం ముందుకి పారట్లేదని. ఎవ్వరూ మాట్లాళ్లేదు. స్క్రీన్ మీద రక్తనాళంలోకి ఎక్కించిన మందు నల్లటి గీతలా సగంలో ఆగిపోయి అక్కడే నిలబడింది, అది నా గుండేనని తెలుస్తోంది, కోటప్పకొండ స్వామీ నా బిడ్డ పెళ్లి చూడనియ్యి అని ఒకటే అనుకుంటున్నా. "అడినోసిన్ ఇస్తున్నామమ్మా, కాసేపు ఊపిరాడనట్టుంటుంది, ఓర్చుకోండి" అన్నారు. అది చిన్న నాళాలు తెరుచుకునే మందు, సన్న పైపులోంచి మూడుసార్లిచ్చారు, ప్రతిసారీ గుండె మీద బండ పెట్టినట్టే. మూడోసారికి "వస్తోంది" అన్నారాయన. ఆ గొంతు చచ్చేదాకా మర్చిపోను, ఆయన చల్లగా ఉండాలి.

స్టెంట్ వేసినా రక్తం ఎందుకు పారలేదో మర్నాడు అర్థమయ్యేట్టు చెప్పారు. రక్తపు గడ్డ తునకలు చితికి చిన్న నాళాల్లోకి కొట్టుకుపోతాయంట, గంటల తరబడి రక్తమందక వాటి గోడలు వాచిపోతాయంట. "సాగర్ కాలవకి నీళ్లొదిలినా పిల్ల కాలవలు పూడిపోతే చేను తడవదు కదమ్మా" అన్నారు. గడ్డని పీల్చేసే పైపుంది కానీ పెద్ద స్టడీల్లో లాభం కనపళ్లేదని ఇప్పుడు అందరికీ వాడరంట, ఎన్ని మందులున్నా ఆ చిన్న నాళాల్ని కాపాడేది తొందరగా రావడమేనంట. అది విన్నాక మళ్లీ ఆ డ్యూటీ డాక్టరే గుర్తొచ్చాడు, మూడు నాలుగు గంటలు తినేశాడు నావి.

అప్పుడు ఎకో స్కాన్లో గుండె పంపింగు 38 శాతం, మూడు నెలలకి 48 శాతం. ఇంట్లోవాళ్లు "స్టెంట్ వేశారుగా, ఇంకేంటి" అంటారు, వాళ్లకెలా చెప్పాలో తెలీదు. రక్తం పల్చనయ్యే మాత్ర ఒక్కపూట కూడా మానలేదు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు మీరూ డాక్టరు చెప్పందే మానొద్దు. కొండకి కార్లో వెళ్లి మొక్కు తీర్చుకున్నాం.

మొన్న పక్కింటి వదిన వెన్నులో నొప్పి, చెమటలు అంటే నేనే ఆటో పిలిచి, ఈసీజీ తీసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆవిడది నిజంగానే గ్యాసు. ఆవిడ నవ్వింది, నాకు మాత్రం ఏడుపొచ్చేసింది.